అనంతపుర మండలమున మహారాష్ట్ర భోజనము

దీపాలు పెట్టు వేళ అనంతపురము వీధులలో నడచువారికి ఒక చప్పుడు వినబడును. అరచేతితో పిండిని తట్టు చప్పుడది. దారిప్రక్కన పొయ్యి రాజేసి, పెనము పెట్టి, ఒక ఇల్లాలు జొన్నరొట్టెలు చేయుచుండును. ప్రక్కన గిన్నెలలో వంకాయకూర, పప్పు, చెనిక్కాయల పొడి ఉండును. కొందరు రొట్టెలు కాగితములో చుట్టించుకొని ఇంటికి కొనిపోవుదురు. కొందరు అక్కడనే నిలువబడి తిని పోవుదురు.

కొంతకాలము క్రిందట షోలాపురమునుండి వచ్చిన తెలుగు మిత్రులొకరు మాతోకూడ ఆ దారిని నడచుచు చటుక్కున ఆగిరి. "ఇది మా భాకరీయే గదా! మా మహారాష్ట్ర భోజనము మీ ఊరికి ఎట్లు వచ్చినది?" అని అడిగిరి. మేము బదులు చెప్పకముందే ఆ రొట్టెలమ్మ నవ్వి, "మా అవ్వ కాలం నుంచీ చేస్తాండాము సామీ, మాకెవురూ తెచ్చియ్యలేదు" అనినది.

ఇద్దరి మాటయు ఒకవిధముగా నిజమే. ఆ రెండు మాటల నడుమనున్న చరిత్రను నేడు కొంత విచారింతము.

మహారాష్ట్రులు ఈ మండలమునకు క్రొత్తవారు కారు. గుంతకల్లునకు తూర్పున, చుట్టునున్న మైదానమునకు దాదాపు 1,000 అడుగుల ఎత్తున లేచిన గుత్తికోట 18వ శతాబ్దమున ఒక మరాఠా సర్దారునకు రాజధాని. ఆయన ఘోర్పడే వంశజుడైన మురారిరావు. 1741లో మరాఠా సేనలు తిరుచిరాపల్లిని పట్టినపుడు ఆ పట్టణము ఆయన అధీనమున ఉంచబడెను. 1743లో నిజాముల్ముల్కు వచ్చి దానిని తీసికొనెను. పిమ్మట మురారిరావు గుత్తి కేంద్రముగా సుమారు 30 ఏండ్లు ఈ సీమను ఏలెను. కర్ణాటక యుద్ధములలో ఆయన గుఱ్ఱపుదండును ఎల్లపక్షములవారును కోరుకొన్నారు. 1751లో ఆర్కాటు ముట్టడిలో చిక్కిన క్లైవునకు సాయముగా కదలినది ఆ దండే. నేటికిని గుత్తి కొండకొమ్మున, లోయ అంచున, సున్నపు పూత పెట్టిన చిన్న మంటపమును చూపి "మురారిరావు గద్దె" అని చెప్పుదురు.

ఆ దొరతనము ఎట్లు ముగిసినదో స్మరింపదగియున్నది. 1775లో హైదరాలీ గుత్తిని ముట్టడించెను. కోటగోడలు కూలలేదు; కోటలోని నీరు తరిగిపోయినది. సంధి మాటలు నడుచుచుండగా ఆ రహస్యము హైదరు చెవిని పడెననియు, అంతట ఆయన బేరము మాని కాచుకొని కూర్చుండెననియు చెప్పుదురు. 1776లో కోట లొంగినది. మురారిరావును శ్రీరంగపట్టణమునకు, అక్కడినుండి కబ్బాలదుర్గమునకు పంపిరి. అక్కడనే ఆయన మరణించెను. అనగా ఈ మెట్టభూమిలో మరాఠా దొరతనము దాహముచేత ఓడినది. ఈ సంగతిని మనస్సున నుంచుకొందము. మన విషయమునకు ఇది దూరమైనది కాదు.

ఇక ప్రశ్న ఏమనగా, ఆ 30 ఏండ్ల పాలన మన పొయ్యిలమీద ఏమి మిగిల్చినది?

రాజులు వంటలను తెచ్చుట లేకపోలేదు. తంజావూరు అందులకు మంచి నిదర్శనము. అక్కడ మరాఠా రాజవంశము 17వ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి 19వ శతాబ్దపు నడుమవరకు నిలిచినది. 1798 మొదలు 1832 వరకు ఏలిన రెండవ శరభోజి కాలమున అచ్చటి నగరు వంటలు మరాఠీలో గ్రంథస్థమైనవి. శరభేంద్ర పాకశాస్త్రమను పేర ఆ గ్రంథము సరస్వతీమహలువారివలన లోకమునకు వెల్లడియైనది. కావేరీ నీరు, వరి పంట, స్థిరమైన కొలువు, తీరికగల పండితులు, ఇవన్నియు కూడినచోట పాకశాస్త్రము పుట్టును. గుత్తికి అట్టి తీరిక లేదు. అది దండు విడిదివంటి రాజధాని. దండు ఏ నేలమీద దిగునో ఆ నేల గింజనే తినును. గుత్తి, తాడిపత్రి, ఉరవకొండ ప్రాంతముల నల్లరేగడిలో పండునది జొన్న. ఘాట్లకు తూర్పున పుట్టి పెరిగిన మరాఠా రౌతు చిన్ననాటినుండి తినినదియు జొన్నయే. అతడు క్రొత్తగా తేవలసినది లేదు. అతని ఇంటి అన్నము అతనికంటె ముందుగానే ఇక్కడ ఉన్నది.

మరాఠీ మాటాడువారు వేరొక దారినికూడ వచ్చిరి. కచేరీలలోను రెవెన్యూ కొలువులలోను దేశస్థ బ్రాహ్మణులు పెద్ద ఉద్యోగములు చేసిరి. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేసిన తరువాత, 1807 వరకు మన్రోదొర కలెక్టరుగా ఉండిన దినములలోను వారి ప్రాబల్యము తగ్గలేదు. వారి ఇండ్లలో పూరణ్‌పోళీ ఉండెను, కోశింబీర్ ఉండెను. కాని ఆచారవంతులైన ఆ కుటుంబముల వంట వారి వంటయిండ్లు దాటి వీధి అమ్మకమునకు రాలేదు. బయటివాడు అందులో తినలేడు. వారు బయట తినరు. కావున రొట్టెలమ్మ పెనమునకు కచేరీ వలనగాని కోట వలనగాని కథ కట్టుట కష్టము.

అయినను పోలిక పోలికయే. మా మిత్రులు పొరబడలేదు. ఆ పోలికను ఒక్కొక్క పదార్థముగా చూతము.

మొదటిది రొట్టె. జొన్నపిండికి గోధుమపిండివలె సాగెడి గుణము లేదు. కఱ్ఱతో ఒత్తినచో పగులును. అందుచేత మరిగిన నీరు పోసి, అరచేతి మడమతో బాగుగా మెదిపి, పిడుచచేసి, పొడిపిండి చల్లి, చేతితో తట్టి తట్టి పలుచన చేయవలెను. పెనముమీద వేసిన పిదప పైభాగమును తడిచేసి త్రిప్పవలెను. పిమ్మట నిప్పులమీద పొంగింపవలెను. షోలాపురమందైనను, విజాపురమందైనను, గుత్తియందైనను ఈ పని ఇంతే. పేరు మాత్రము భాకరీ, రొట్టి, రొట్టె అని మారుచుండును.

రెండవది కూర. లేత వంకాయలను కాడతోనే నాలుగు చీలికలుగా కోసి, వేరుశనగ, నువ్వులు, ఎండుమిర్చి నూరి కూరి వండుట మరాఠీవారి భరలీ వాంగీ, కన్నడిగుల ఎణ్ణెగాయి, మన గుత్తివంకాయ. శ్రోతలలో ఎవరైనను ఈ పేరును మురారిరావు ఖాతాలో వేయుదురేమో! ఊరిపేరు గుత్తి వేరు. కూరలోని గుత్తి వేరు. ఇక పచ్చిమిర్చి, వెల్లుల్లి దంచి చేయు వారి ఠేచా ప్రక్కన మన ఊరిబిండిని పెట్టిచూడుడు. రెండును రోటి బిడ్డలే.

మూడవది పండుగ భక్ష్యము. కోస్తావారు బొబ్బట్లనియు, తెలంగాణమున పోలెలనియు, మన సీమలో ఓళిగలనియు, భక్ష్యములనియు పిలుచునదే పూరణ్‌పోళీ. ఇంతవరకు అందరికిని తెలిసినదే. కాని ఇంకొక చిన్నవిషయము కలదు. శనగపప్పు ఉడికించి వార్చిన నీటిని పారబోయక చింతపండు, కారము, పోపు చేర్చి చారు కాచుదురు. మరాఠీలో దానిని "కటాచీ ఆమటీ" అందురు. కట్ అనగా ఉడికిన పప్పుమీది నీరు. మన భాషలో అదియే కట్టు. పప్పుకట్టు అనుమాట మన అమ్మలందరును ఎరుగుదురు. కన్నడమునను కట్టే. పండుగనాడు సహితము పప్పునీటిని పారబోయనివారి వంట ఇది. నీటి విలువ, గింజ విలువ తెలిసిన నేలలలోనే ఇట్టి వంట పుట్టును.

నాలుగవది ఉదయపు ఫలహారము. బొరుగులను నీట తడిపి పిండి, ఉల్లి, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు పెట్టి, పుట్నాలపొడి చల్లిన ఉగ్గాని మన సీమవారి సొంతమని అనుకొందుము. ప్రక్కన మిరపకాయ బజ్జీ లేక అది నడువదు. కాని ఉత్తర కర్ణాటకమున సూస్లా అనునదియు, షోలాపురము, మరాఠ్వాడాలలో సుశీలా అనునదియు ఇదే. రాత్రి రైలుదిగిన ప్రయాణికుడు ఆ మూడు తావులలో ఎచ్చట కన్ను తెరచినను ఒకే ఫలహారము దొరకును.

ఐదవది వేరుశనగ పొడి. షోలాపురపు శేంగా చట్నీ పేరుపడ్డది. మన చెనిక్కాయల పొడి దాని తోబుట్టువు. కాని వేరుశనగ దక్షిణ అమెరికా మొక్క. మిరపయు అమెరికా ఖండపుదే. పోర్చుగీసువారి ఓడల కాలమునకు ముందు ఈ రెండును మన దేశమున లేవు. కాబట్టి సంప్రదాయ భోజనమని మనము చేయెత్తి చూపు పళ్ళెములో సగము రుచి అయిదువందల ఏండ్లలోపున వచ్చినదే. సంప్రదాయమనగా కదలనిదని కాదు. వచ్చినదానిని తన నేలకు తగినట్లు ఇముడ్చుకొనునది.

ఇన్ని పోలికలకు కారణమేమి? భూమిని చూచినచో తెలియును. సహ్యాద్రి పడమటిగాలి మేఘములను అడ్డుకొనును. ఆ కొండల వెనుక నీడలో షోలాపురము, విజాపురము, రాయచూరు, బళ్ళారి, అనంతపురము వరుసగా ఉన్నవి. అనంతపురమునకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన; అదియు నమ్మరానిది. నల్లరేగడి తనలో నిలుపుకొన్న తేమతో జొన్నను పండించును. దక్షిణమున, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయిన హిందూపురము, మడకశిర వైపు ఎఱ్ఱనేలలలో రాగి పండును. కనుక అక్కడ రొట్టెకు మారుగా సంగటి ముద్ద. వంటల హద్దు భాషల హద్దుతో కలియదు. మట్టి రంగుతో కలియును.

రాజ్యముల హద్దులుకూడ ఒకప్పుడు ఇట్లే యుండెను. కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో నేటి దక్షిణ మహారాష్ట్రమును ఈ మెట్టసీమయు ఒకే గొడుగు క్రిందివి. ఆ వంశపు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున కూర్పించిన మానసోల్లాసమున అన్నభోగమను ప్రకరణమే కలదు. మురారిరావునకు ఆరువందల ఏండ్ల ముందే ఈ సీమలు ఒకరినొకరు ఎరిగినవి.

ఇక బయట భోజనము చేయు సంగతికి వత్తము. ఇల్లు విడిచినవానికి అన్నమెక్కడ? మన దేశమున సత్రము ఒకటి, పూటకూళ్ళ ఇల్లు ఒకటి. క్రీడాభిరామమను కావ్యమున ఓరుగల్లులో ఒక పూటకూళ్ళ ఇంట ఒక్క రూకకు ఎట్టి భోజనము పెట్టెదరో వర్ణింపబడియున్నది. మంచి అన్నము, గోధుమ పిండివంట, పప్పు, నేయి, పెరుగు, అన్నియు కలవు. జొన్న లేదు. ఇది గమనింపదగినది. రూక ఇచ్చి తినువాడు తన ఇంట నిత్యము దొరకనిదానిని కోరును. మన సీమలోను అంతే. వరియన్నము పండుగనాటి మాట, అల్లుడు వచ్చిననాటి మాట. జొన్నరొట్టె పేదరికపు గుర్తు. అతిథికి రొట్టె పెట్టుటకు ఇల్లాలు సిగ్గుపడెడిది.

1871లో బొంబాయివైపునుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలుమార్గమును, మదరాసువైపునుండి వచ్చిన మార్గమును రాయచూరులో కలిసినవి. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు ఆ దారిలోనివే. రైలుతో కాఫీ హోటళ్ళు వచ్చినవి. ఇడ్డెన, దోసె, పూరీ వచ్చినవి. హోటలు బల్లమీదకును జొన్నరొట్టె ఎక్కలేదు. అది ఇంటనే మిగిలినది.

మహారాష్ట్రమున కథ కొంత వేరుగా నడచినది. బొంబాయి మిల్లులలో పనికి చేరిన మగవారు సాతారా ప్రాంతమునుండియు కొంకణమునుండియు ఒంటరిగా వచ్చిరి. వారికి ఇంటి అన్నము కావలెను. అట్టివారికి కార్మికవాడలలోని స్త్రీలు తమ ఒంటిగది ఇండ్లలోనే నెలకింతయని పుచ్చుకొని వండిపెట్టిరి. అవే ఖానావళులు. మన పూటకూళ్ళమ్మ పనియే అది. కాని అక్కడ విస్తరిలో పడినది ఊరి వంటయే. ఆ స్త్రీలు వడ్డీవ్యాపారుల చేతులలో చిక్కియుండగా, 1975లో ప్రేమా పురవ్ అను కార్యకర్త వారిని అన్నపూర్ణా మహిళా మండలముగా కూర్చి, బ్యాంకుల అప్పు దొరకునట్లు చేసెను. బయట దొరకు ప్రాంతీయ భోజనమను గౌరవమైన మాట వెనుక ఇట్టి స్త్రీల చేతులున్నవి. అనంతపురపు రొట్టెలమ్మ ఆ చెల్లెండ్రలో ఒకతె.

ఇప్పుడు అసలు సంగతి చెప్పవలెను. రొట్టె బజారుకు వచ్చిన కాలమునకే జొన్న చేనునుండి తొలగిపోయినది.

1876–78 నాటి ధాతకరువులో ఈ సీమ ఎంత నలిగినదో పెద్దలు కథలుగా చెప్పెడివారు. అప్పటికి అనంతపురము బళ్ళారి జిల్లాలోనిది; 1882లో వేరు జిల్లాయైనది. 1871 జనాభాతో పోల్చినచో 1881 నాటికి ఈ ప్రాంతపు జనము దాదాపు అయిదవ వంతు తరిగినది. కరువు పనులలో కూలివానికి దినమునకు ఒక పౌను గింజ చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టిన కాలమది. అట్టి దినములను చూచిన రైతు మొదట గింజ దాచుకొనును, పిమ్మట రొక్కము చూచును. కాని 20వ శతాబ్దమున నూనెగింజల బజారు పెరిగినకొలది వేరుశనగ ఈ మండలమునందలి మెట్టనంతయు ఆక్రమించినది. జొన్న పైరు మనుష్యునకు గింజయు పశువునకు చొప్పయు ఇచ్చెడిది. వేరుశనగ రొక్కము ఇచ్చును. వాన తప్పినపుడు అదియు ఈయదు. 1990ల చివరినుండి వరుస కరువులలో ఎందరు రైతులు అప్పులపాలై ప్రాణములు తీసికొనిరో ఈ జిల్లావారికి వేరుగా చెప్పనక్కరలేదు.

వేరొకవైపు 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినది. ఆకలిగొన్న ఇండ్లకు అది నిజముగా అన్నము పెట్టినది. దానిని తక్కువచేసి మాటాడుట మా ఉద్దేశము కాదు. కాని దానితో పండుగ వరి నిత్యపు వరి అయినది. నిత్యపు జొన్న కొనవలసిన జొన్న అయినది. నేడు చేలో పనిచేయు కూలి చౌకబియ్యపు అన్నము తినుచున్నాడు. పట్టణమున చక్కెరవ్యాధికి భయపడు ఉద్యోగి రొట్టె కొని తినుచున్నాడు. ఒకనాడు సిగ్గుపడిన వంట నేడు గౌరవము పొందినది. ఆ గౌరవమున చేనుకు వచ్చిన భాగము మాత్రము స్వల్పము.

మహారాష్ట్రమున 1995లో ప్రభుత్వము రూపాయికి ఝుణకా–భాకర్ పెట్టు కేంద్రములను తెరచెను. శనగపిండి కూర, జొన్నరొట్టె, అది అచ్చటి మెట్టరైతు తిండి. ఆ పథకము కొన్ని ఏండ్లకు ఆగిపోయినది. అయినను చౌకభోజనమునకు సొంత నేల పంటను ఎన్నుకొనవచ్చునను ఊహ మిగిలినది. మన రాష్ట్రమున 2018లో తెరచి, 2019లో మూసి, 2024లో మరల తెరచిన అన్న క్యాంటీనులలో అయిదు రూపాయలకు పెట్టు మధ్యాహ్నభోజనము వరియన్నమే. అది మంచి పనియే. ఆ బల్లమీద కనీసము అనంతపురమునందైనను వారమునకు ఒకపూట జొన్నరొట్టె కనబడినచో, ఎచ్చటనో ఒక నల్లరేగడి చేను మరల జొన్న వేయును. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. సంవత్సరము గడచినది; సభలు ముగిసినవి. చేనును విస్తరిని కలుపు పని ఇంకను మిగిలియున్నది.

మహారాష్ట్ర సంప్రదాయ భోజనము తినగోరి ఈ మండలమునకు వచ్చువారు పెద్ద బోర్డుగల హోటలును వెదకనక్కరలేదు. ఉదయమున ఉగ్గాని అడుగుడు. సాయంకాలమున రొట్టె తట్టు చప్పుడును బట్టి పొండు. అది మహారాష్ట్రమా, కర్ణాటకమా, ఆంధ్రమా అని తగవులాడనక్కరలేదు. మురారిరావు గుత్తిని 30 ఏండ్లు ఏలి, నీరు లేక విడిచెను. అదే నీటికొరతను తలవంచి సహించిన గింజ మూడు భాషలవారిని ఇంతకాలము పోషించినది. దానిని తట్టు చేతులకు తగిన వెలయు, దానిని పండించు రైతుకు తగిన ధరయు దొరకినచో, మా మిత్రుల ప్రశ్నకు ఆ రొట్టెలమ్మ చెప్పిన జవాబును ఆమె మనుమరాలుకూడ చెప్పగలదు.